మా వాకిట్లో ఆగిన చందుర్తి కారు

మా కారు మోడల్‌ను కంపెనీ కొన్నేళ్లకే ఆపేసింది. చిన్న కారు కావాలన్నవాళ్లకు అది పెద్దగా, పెద్దది కావాలన్నవాళ్లకు చిన్నగా కనిపించిందట. మా ఆయన మాత్రం ఇంట్లో అందరం సరిపోతామని, మస్కట్ నుంచి సెలవులో వచ్చినప్పుడు ఇష్టపడి కొన్నారు. అది స్టార్ట్ కాక మూణ్నెల్లయింది. కోరుట్లలో, జగిత్యాలలో ఎక్కడా సామాను దొరకలేదు. మస్కట్ ఎండలో పనిచేసే మనిషికి ఈ మాట చెప్పలేకపోయాను.

ఈ రోజు మా కారు సంగతి ఎవరో చెప్పగా విని, చందుర్తి నుంచి ఒకాయన అచ్చం అలాంటి కారులోనే వచ్చాడు. ఆపితే మళ్లీ స్టార్ట్ కాదేమోనని ఇంజిన్ ఆపకుండానే దిగాడు. మా కారు కొంటాడేమోనని సంబరపడ్డాను.

"నడిపేతందుకు కాదక్కా. దీన్ని ఇప్పి, నా బండికి పనికొచ్చే సామాను తీసుకుంట," అన్నాడు.

అంతలో మా ఆయన ఫోన్.

"ఏందే, బండి సప్పుడు ఇనబడుతున్నది. స్టార్ట్ చేసినవా?"

"ఆ," అన్నాను.

"మంచిగున్నది సప్పుడు. ఈసారి అచ్చినప్పుడు అందరం గా బండిలనే వేములవాడ పోదాం."

నేను ఫోన్ పెట్టేదాకా చందుర్తి ఆయన తల దించుకుని నిలబడ్డాడు. "ముందుగాల అన్నకు చెప్పక్కా. తర్వాత మాట్లాడుకుందాం," అని వెళ్లిపోయాడు.

మా కారు ఇచ్చేస్తే చందుర్తి ఆయనదైనా నడుస్తుంది, ఇవ్వకపోతే రెండూ మూలపడతాయి. అది నాకు తెలుసు. కానీ ఆ ఒక్క "ఆ" అన్నప్పటి నుంచి అన్నం సహించడం లేదు. దూరాన ఉన్న మనిషికి ఇలాంటి మాట మీరెలా చెప్పారో కాస్త రాయండి. రేపు నేను చెప్పాలి.