చెరిపేసే ముందు

తెలుగు నేలకి దూరంగా, సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో తల్లి పోయాక పూజితతో తెలుగు మాట్లాడేవాళ్లు లేరు. యూనివర్సిటీలో ఇంటర్నెట్ విధానాలు పరిశోధించే బృందంలో ఆమె పని, మెటియాబ్రుజ్ పేటలో ఉండే తెలుగువాళ్లను ఫోన్ల వాడకం గురించి అడిగి రికార్డు చేయడం, ఆ మాటలను ఇంగ్లీషులో రాసిపెట్టడం. రాయగానే ఆ గొంతు రికార్డును చెరిపేయాలన్నది బృందం నియమం. హెడ్‌ఫోన్ తగిలించుకుంటే చాలు, పక్కగదిలోంచి ఎవరో పిలిచినట్టు ఆమె మెడ ఓ పక్కకి వాలిపోతుంది. ఆ మధ్యాహ్నం కాసులమ్మ అనే ముసలామె గొంతు వింటోంది. “అదలాగుండనీ గానీ, బువ్వ తిన్నావేటి పాపా?” వెంటనే తన గొంతే, తొందరగా: “ఇంట్లో నెట్ ఎవరెవరు వాడతారమ్మా?” పూజిత వెనక్కి జరిపి మళ్లీ విన్నది. మూత తీయని టిఫిన్ డబ్బా వైపు చూసింది. చెరిపేసే ముందు, ఖాళీ గదిలో, పైకే అంది: “ఇంకా నేదమ్మా.”