పొగ లేని ఇల్లు చూడటానికి సంగారెడ్డి వెళ్లొచ్చాం

మా వదినకు నోట్లో తడి ఆరిపోయి చాలా రోజులైంది. ముద్దముద్దకూ నీళ్లు తాగితేగానీ అన్నం గొంతు దిగదు. దవడ కింద గడ్డ కూడా లేచాక, మా ఊరు లక్డారం చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల పొగే కారణమని అన్నయ్య తేల్చేశాడు. ఊరు మారితే తగ్గుతుందని సంగారెడ్డిలో ఒక కిరాయి ఇల్లు మాట్లాడాడు. గడ్డలోంచి ముక్క తీసి చేసిన పరీక్ష, గుండె స్కానింగు రిపోర్టులు కూడా అక్కడి ఆసుపత్రిలోనే తీసుకోవాలి. ఆయనకు డ్యూటీ ఉండటంతో రెండు పనులకూ వదినతో నేను బయలుదేరాను.

పొద్దున్నే షేరింగ్ ఆటోలో హైవే దాకా వచ్చాం, తలా ఇరవై రూపాయలు. అక్కడి నుంచి సంగారెడ్డికి బస్సు, ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఉచితం. వదిన ఒళ్లో పెద్ద నీళ్ల సీసా చూసి ఆటో డ్రైవరు, "గన్ని నీళ్లేందమ్మా, సంగారెడ్డిల నీళ్లు దొర్కవా?" అని నవ్వాడు.

"దొర్కుతయి తమ్మీ. నా నోట్లనే దొర్కుతలేవు" అంది వదిన. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ రిపోర్టులు రెండుసార్లు చదివింది. లాలాజల గ్రంథుల్లో అరుదుగా వచ్చే లింఫోమా అట, అంటే ఒక రకం క్యాన్సర్. ఆ కణాల నుంచి వచ్చే ప్రొటీను అమైలాయిడ్ అనే గట్టి పదార్థంగా పేరుకుంటుందట. చాలామందిలో అది గ్రంథి దగ్గరే ఆగుతుంది. వదిన గుండె గోడలు మాత్రం మందంగా ఉన్నాయి, అక్కడా చేరినట్టు అనుమానం అంది.

"పొగతోనే గదా మేడం? ఇల్లు మారుస్తున్నం" అంది వదిన ఆశగా.

"పొగ వల్లేనని చెప్పలేనమ్మా. మీ ఒంటి రక్షణ వ్యవస్థే మీ గ్రంథుల మీద పడింది, నోరు ఎండిందీ గడ్డ లేచిందీ అందుకే. ఇల్లు మార్చినా ఇది తగ్గదు. సోమవారమే వచ్చి చేరండి."

మెట్లు దిగుతూ వదిన, "పొగైతే మంచిగుంటుండె. ఇడిసిపెట్టి పోతుంటిమి" అంది. ఇన్నాళ్లూ ఆ పొగను నోరారా తిట్టినదాన్ని, ఆ క్షణంలో అదే కారణమైతే బాగుండని నేనూ కోరుకున్నాను. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు ఒకటే చెబుతాను: రిపోర్టులో అమైలాయిడ్ అనే మాట కనిపిస్తే, గుండె, కిడ్నీల పరీక్షల గురించి ఆ రోజే అడగండి.

ఇంటికి పోదామంటే వదిన వినలేదు. కిరాయి ఇల్లు చూడాల్సిందేనంది. రెండు గదులు, పెద్ద కిటికీలు, గాలి నిజంగానే బాగుంది. "ఎంతమంది ఉంటరమ్మా?" అని ఇంటామె అడిగింది. "ఇద్దరం" అంది వదిన. ఆమె అటు తిరగగానే నా చెయ్యి పట్టుకుని, "మీ అన్న ఒక్కడికి గింత ఇల్లెందుకు? జెర చిన్నది సూద్దాం పా" అంది.