రెండో ఏరుడు

ఈ ఉదయం హాస్టల్ మెస్సులో ఎవరో పోపులో ఎండుమిర్చి మాడ్చారు. ఘాటు మెట్లెక్కి మా అంతస్తు దాకా వచ్చింది. పక్క గది అమ్మాయిలు దగ్గుతూ కిటికీలు తెరిచారు. నేను మాత్రం పుస్తకం ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాను. మిర్చి పండించే ఇంట్లో పుట్టినదాన్ని. ఈ ఘాటుకు నాకు మా యాడి, అంటే అమ్మ, గుర్తుకు రావాలి. మహబూబాబాద్ దగ్గరి మా తండా, కల్లంలో ఎర్రగా పరిచిన కాయలు గుర్తుకు రావాలి. కానీ కళ్లలో నీళ్లు తిరిగేసరికి నాకు కనబడేది జనగామలో ఒక చిన్న డాబా ఇల్లు, ముందు గదిలో పొడవాటి బల్ల, ఆ బల్ల చివర కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని మా పేపర్లు దిద్దుతున్న కరుణ మేడం.

మేడం సొంతూరు రేగొండ. జనగామలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేవారు. సాయంత్రాలు ఇంట్లో మాలాంటి నలుగురైదుగురిని కూర్చోబెట్టి ఎంబీఏ ప్రవేశ పరీక్షకు తయారుచేసేవారు. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక తెల్లచీర మార్చకుండానే మాకు మాదిరి పరీక్ష పెట్టేవారు. మనిషి పొట్టి. గొంతు మాత్రం వీధి చివరి దాకా వినిపించేది. ఆ గొంతుకు భయపడి మొదటి నెలంతా నేను ఆమెతో మాట్లాడలేదు. అడిగినదానికి తల ఊపేదాన్ని, జనగామలో నా అద్దె గదికి వెళ్లి డైరీలో పూర్తి వాక్యాల్లో జవాబు రాసుకునేదాన్ని.

డిగ్రీ అయ్యాక బాపు, అంటే నాన్న, నాకు ఒక్క ఏడాది ఇచ్చాడు. ఆ ఏడాదిలో మంచి కాలేజీలో సీటు వస్తే సరే. లేకపోతే కాటారంలో మా మేనమామకు తెలిసిన ఎరువుల దుకాణంలో కంప్యూటర్ మీద బిల్లులు కొట్టే పని సిద్ధంగా ఉంది. అది చెడ్డ పనేం కాదు. మా తండాలో ఆ మాత్రం కొలువున్న ఆడపిల్ల లేదు. కానీ ఆ కుర్చీలో నేను కూర్చుంటే మళ్లీ లేవనని నాకు తెలుసు. నా సంగతి నాకు తెలుసు. ఎవరు ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చునే రకం నేను.

మొదటి రెండు నెలలు మార్కులు బాగానే పెరిగాయి. తర్వాత నూటికి అరవై దగ్గర ఆగిపోయాయి. అరవై రెండు, అరవై, అరవై మూడు, మళ్లీ అరవై. ఎక్కువ చదివినా అంతే, తక్కువ చదివినా అంతే. కొత్త పుస్తకాలు తెచ్చి చేశాను. సూత్రాలు గోడకు అతికించాను. నాకు కావలసిన కాలేజీకి ఎనభై దాటాలి. ఆదివారం వస్తోందంటే శనివారం నుంచే అన్నం సహించేది కాదు.

ఒక ఆదివారం మేడం నా పేపరు దిద్దుతూ అడిగారు. "ఇంక ఇరవై నిమిషాలున్నయనంగ నువ్వు ఏ ప్రశ్న కాడున్నవ్?"

"పద్నాలుగో ప్రశ్న కాడ మేడం."

"అంతకు ముందు గడియారం జూసినప్పుడు?"

"పద్నాలుగో ప్రశ్న కాడనే."

బల్ల చుట్టూ నవ్వులు. రఘునాథపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చే స్వప్న, "మేడం, సునీత ఆ ప్రశ్నతోని కాపురం జేస్తంది" అంది.

"కాపురమే అయితే బాగుండు. గీమె కాళ్లు మొక్కుతంది దానికి" అన్నారు మేడం, పేపరు నా వైపు తోస్తూ. "చివరి పది ప్రశ్నలల్ల ఆరు నీకు వచ్చినయే. సూడనన్న సూడలే. రానిదాని కాడ కూసొని వచ్చేటియి పోగొట్టుకున్నవ్. మిగిలినయేమో గుడ్డిగ నింపినవ్. తప్పుకు మార్కులు కోస్తరని తెలుసా, తెల్వదా?"

తెలుసు. అయినా నా చెయ్యి వినేది కాదు. నేను గురుకుల బడిలో చదివాను. అక్కడ పరీక్షలకు ముందు ప్రతి సారూ చెప్పే మాట ఒక్కటే, ఖాళీ వదలొద్దని. జవాబు రాకపోతే ప్రశ్ననైనా తిరిగి రాసి రమ్మనేవారు. తండాల నుంచి వచ్చిన పిల్లలం ఆ మాట పట్టుకునే పదో తరగతి గట్టెక్కాం. ఖాళీ వదలడమంటే మాకు చదువును అవమానించడమే. పైగా నాకు ఇంకో జబ్బుంది. పరీక్షలో ఇచ్చే పాఠ్యభాగం బాగుంటే మొదలుపెట్టింది చివరి దాకా, ఒక్కోసారి రెండుసార్లు, రుచి చూస్తూ చదివేదాన్ని. మేడం అది కూడా పట్టేశారు. "అది కథ గాదు పిల్లా, నిన్ను ఆపనీకే పెట్టిన కంచె" అనేవారు.

జనవరిలో కూలీలు దొరకక బాపు పిలిస్తే నాలుగు రోజులు మిర్చి ఏరడానికి వెళ్లాను. తిరిగొచ్చి బ్యాగు గదిలో పడేసి నేరుగా మాదిరి పరీక్షకు కూర్చున్నాను. వేళ్లు నిప్పుల్లో పెట్టినట్టు మండుతున్నాయి. తడి రుమాలు చుట్టుకుని రాస్తుంటే మేడం చూశారు. లోపలికి వెళ్లి గిన్నెలో పెరుగు తెచ్చి బల్ల మీద పెట్టారు.

"చేతులు పెట్టు దాంట్ల. పరీక్ష తర్వాత రాద్దువు గని. మీ దిక్కు మిర్చి ఎట్ల ఏరుతరు? మా రేగొండ కాడ మా ఇంట్ల ఎప్పుడూ వరే. నాకు తెల్వదు."

పెరుగులో చేతులుండటం వల్లనో, పరీక్ష ఆగిపోయిన ఊరట వల్లనో, నేను మాట్లాడాను. "ఒక్కసారి ఏరితే అయిపోదు మేడం. మొదటి ఏరుడుకు పండినయే తీస్తం. దోరవి చెట్టు మీదనే ఇడ్శిపెడతం. మళ్ల ఇరవై, ఇరవై అయిదు రోజులకు రెండో ఏరుడు. అప్పటికి అవి పండుతయి."

"చెట్టు కాడికి పోనే పోయినవు. ఒంగనే ఒంగినవు. అన్ని ఒక్కసారే తెంపితే ఏమైతది?"

"దోరవి ఎండితే తెల్లగ తాలు అయితయి మేడం. తాలు కలిస్తే మంచి మిర్చిని కూడ ఎవరు కొనరు. మా యాడి అయితే బుట్టల దోరకాయ కనబడితే చెయ్యి మీద కొడతది."

మేడం కళ్లద్దాలు కిందికి దించుకుని నా వైపు చూశారు. "మరి నా పేపరు మీద తాలు ఎందుకు తెస్తున్నవే?"

ఎవరూ నవ్వలేదు. పెరుగులో నా వేళ్లు చల్లబడ్డాయి, చెవులు వేడెక్కాయి.

ఆ రోజు నుంచి మేడం నాకు పేపరిచ్చి పెన్ను తీసేసుకునేవారు. బదులుగా ఒక పెన్సిలు ముక్క ఇచ్చేవారు. మొదటి పది నిమిషాలు పేపరంతా చూడాలి, ఏదీ చెయ్యకూడదు. దోర అనిపించిన ప్రశ్న పక్కన చుక్క పెట్టాలి, అంతే. పెన్ను చేతికి వచ్చాక చుక్క లేనివి ముందు చెయ్యాలి. వాటిలో కూడా ఏదైనా మొండికేస్తే దానికీ చుక్క పెట్టి కదలాలి. చుక్కలన్నీ రెండో ఏరుడుకు. అప్పటికీ పండనిది చెట్టు మీదే ఉండాలి.

చెప్పుకోవడానికి ఎంత సులువుగా ఉందో, చెయ్యడానికి అంత నరకం. పెన్ను లేని ఆ పది నిమిషాలు పక్కన అందరి పెన్నులూ గీరుతుంటే నేను ఖాళీగా కూర్చున్నట్టుండేది. ఆ వారం మార్కులు యాభై నాలుగుకు పడ్డాయి. తర్వాతి వారం యాభై ఒకటి. పరీక్ష నెలన్నర దూరంలో ఉంది.

అప్పుడే బాపు ఫోన్ చేశాడు. మా భాషలో, ఎప్పటిలాగే మెల్లగా చెప్పాడు. మామ దుకాణం వాళ్ల దగ్గర మాట తీసుకున్నాడట. ఎండాకాలం దాటితే ఆ పని ఉండదట. చివర్లో, "నీకు ఎట్ల అనిపిస్తే అట్ల చెయ్యి బిడ్డా" అన్నాడు. కోప్పడినా బాగుండేది. ఎట్లా అనిపిస్తోందో నాకే తెలియని రోజులవి.

మర్నాడు అందరికంటే ముందు మేడం ఇంటికి వెళ్లాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు. గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"ఎల్లిపోతనని చెప్పనీకే వచ్చినవా?"

తల ఊపాను.

"కూసో. పొయ్యేటిదానివి ఎట్లయిన పోతవు గని, గిది ఇను. నువ్వు చుక్క పెడుతున్నవు, ఇడ్శిపెడతలేవు. కన్ను ముందటికి పోతంది, మనసు ఆడ్నే కూసుంటంది. నీ రఫ్ కాగితం సూసిన. ఇరవయ్యో ప్రశ్న చేసుకుంట పక్కకు పద్నాలుగోదాని లెక్క రాస్తున్నవ్. ఇడ్శిపెట్టుడంటే ఓడిపోవుడు గాదే. మళ్ల వస్తనని చెప్పి పోవుడు."

నాకు ఏడుపు రాబోయి, దాని బదులు ఒక ప్రశ్న వచ్చింది. అంత పెద్దావిడను నేను అడిగిన మొట్టమొదటి ప్రశ్న అదే. "మీరు ఎన్నడన్న దేన్నన్న ఇడ్శిపెట్టిన్రా మేడం?"

చాటలో ఆమె వేళ్లు ఆగాయి. "రేగొండను ఇడ్శిపెట్టిన."

"ఎందుకు మేడం? మళ్ల పోలేదా?"

"అది ఇంక దోరగనే ఉంది పిల్లా. రెండో ఏరుడుకు అడుగు." చాట నా చేతిలో పెట్టారు. "రాళ్లు ఏరు. నేను పేపరు తెస్త."

నేను వెళ్లిపోలేదు. ఆ వారం యాభై ఎనిమిది వచ్చింది. తర్వాత అరవై ఆరు. నెలల తరబడి నన్ను ఆపిన ఆ గోడను ఎప్పుడు దాటానో గమనించనే లేదు. మేడం పెన్ను తీసుకోవడం మరిచిపోయినా నేనే పక్కన పెట్టి పెన్సిలు ముక్క తీసుకున్నానని స్వప్న చెబితే తెలిసింది. డెబ్బై నాలుగు దాకా వచ్చి మళ్లీ అక్కడ ఆగింది. పరీక్ష రోజు వచ్చేసింది.

వరంగల్లో సెంటరు. కంప్యూటర్ ముందు కూర్చున్నాక కాసేపు అంతా సాఫీగానే సాగింది. తర్వాత గుండ్రటి బల్ల చుట్టూ ఆరుగురు కూర్చున్న లెక్క వచ్చింది. అలాంటివి నాకు ఇష్టం. నలుగురికి కుర్చీలు దొరికాయి, ఇద్దరు మిగిలారు. ఇంకొక్క అడుగు వేస్తే అయిపోతుందనిపించింది. వేశాను, మొదటి నలుగురూ చెదిరిపోయారు. మళ్లీ పేర్చాను. మళ్లీ చెదిరారు. గడియారం వైపు చూస్తే చాలా నిమిషాలు పోయాయి. పూర్తిగా రానిదాన్ని వదలడం కష్టం కాదు. ముప్పాతిక వచ్చినదాన్ని వదలాలి, అదీ కష్టం. సగం ఎర్రబడిన కాయలాగా అది నన్ను పిలుస్తోంది. కాటారం దుకాణంలో కుర్చీ కనబడింది. అప్పుడు నా చేతి మీద ఎవరో కొట్టినట్టయింది. మా యాడి చెయ్యో, మేడం చెయ్యో తెలియదు. రఫ్ కాగితం మీద చుక్క పెట్టాను. 'మళ్ల వస్త' అని పెదవులతో అన్నాను. పక్క సీటు అబ్బాయి నా వైపు చూశాడు.

చివర్లో తిరిగి వచ్చాను. ఆ ఆరుగురూ ఈసారి ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చున్నారు. నా కాగితం మీద ఇంకా మూడు చుక్కలు మిగిలాయి. వాటిని ఖాళీగా వదిలి లేచాను. అసలు పరీక్షలో నేను మొదటిసారి ఖాళీ వదిలిన పేపరు అది.

బయటికి రాగానే మేడంకు ఫోన్ చేశాను. ఎట్లా రాశానని ఆమె అడగలేదు. "ఎన్ని ఇడ్శిపెట్టినవ్?" అన్నారు. మూడని చెప్పాను. "అయితే వచ్చినట్టే" అని పెట్టేశారు. ఎనభై మూడు వచ్చింది. సీటు వచ్చింది. కాటారం పనిలో మా చిన్నాన్న కూతురు చేరింది.

దసరా సెలవుల్లో జనగామ వెళ్లాను. ముందు గదిలో కొత్త పిల్లలు బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. ఆమె చేతిలో ఎవరిదో పెన్ను ఉంది. నన్ను చూసి, "మిర్చి పిల్ల వచ్చింది, లేచి జాగ ఇయ్యుండ్రి" అన్నారు. అంతమందిలో రేగొండ సంగతి అడగబుద్ధి కాలేదు. ఇంకోసారి వచ్చినప్పుడు తీరిగ్గా అడగొచ్చనుకున్నాను.

మార్చిలో స్వప్న ఫోన్ చేసింది. మేడం నిద్రలోనే పోయారని చెప్పింది. భూపాలపల్లి బస్సెక్కి నేను రేగొండలో దిగేసరికి ప్రార్థన మొదలైంది. ఆమెను సొంతూరి మట్టిలోనే పెట్టారు. అంతా అయ్యాక ఆమె తమ్ముడు నాకు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ముఖంలో మేడం పోలికలే.

"మిర్చి పిల్లవు నువ్వేనా? అక్క ఫోన్ల చెప్పేది" అన్నాడు. నేను గ్లాసు పట్టుకుని అలాగే నిలబడితే, "ఏమన్న అడగాల్నా బిడ్డా?" అన్నాడు.

అడిగితే ఆయన చెప్పేవాడు. అప్పుడెప్పుడో ఈ ఊళ్లో ఏం జరిగిందో, ఆమె ఎందుకు తిరిగి రాలేదో, ఆయనకు తెలియకుండా ఉండదు. కానీ రెండో ఏరుడుకు రమ్మన్నది ఆమె. ఆ చెట్టు ఆమెది.

"ఏం లేదు కాకా" అన్నాను.

తిరుగు బస్సులో డైరీ తీసి ఆ ఒక్క ప్రశ్న రాశాను. పక్కన పెన్సిలుతో చుక్క పెట్టాను. ఇప్పటికీ నా కాగితాల నిండా అలాంటి చుక్కలుంటాయి. క్లాసులో నోరు పెగలని చోట, బాపుతో చెప్పలేకపోయిన మాట దగ్గర, అర్థం కాని పుస్తకం అంచున పెడతాను. చాలావరకు తిరిగి వచ్చి చెరిపేస్తుంటాను. ఆ పేజీలో చుక్క మాత్రం అలాగే ఉంది. మెస్సులో ఘాటు తగ్గాక ఈ ఉదయం ఆ పేజీ తీసి కాసేపు చూశాను. తర్వాత పేజీ తిప్పాను.