దర్జీ కట్టించిన గోడ

తన వీధి చివరి గోడకు అవతలే ఉన్న ఇంటికి కుట్టిన చొక్కాలివ్వడానికి, మూట చంకన పెట్టుకుని పేటంతా చుట్టి నడుస్తున్న దర్జీకి సగం దారిలో తోడల్లుడు బండి మీద ఎదురయ్యాడు. అతనూ దర్జీయే.

"అన్నయ్యా, ఈ ఎండలో నడకేంటి? బండెక్కు!"

"నడక ఒంటికి మంచిదిలే," అన్నాడు దర్జీ, కడుపు మండిపోతున్నా.

మండదూ మరి! అప్పట్లో ఈ తమ్ముడు శివారున, ముందుకు దారిలేని సందులో కొట్టు పెడితే, "కాకులకు కుడతావా?" అని నవ్వింది తనే. నగరం పెరిగి, బళ్ళన్నీ తన వీధినే అడ్డదారి చేసుకుంటే, దుమ్ముకు బట్టలు పాడవుతున్నాయని ఇరుగుపొరుగును కూడగట్టి వీధి చివర గోడ కట్టించిందీ తనే. వీధులూ ఏరుల్లాంటివే, ఒకచోట అడ్డుకట్ట వేస్తే మరోచోట గండి వెతుక్కుంటాయి. తమ్ముడు తన పెరడు తెరిచి దారిచ్చాడు. ఆ సందు కాస్తా నాలుగు వీధుల కూడలైంది. బళ్ళ వెంట గిరాకీ కూడా అటే పోయింది. ఇప్పుడు దుమ్ములేని కొట్టులో తను ఈగలు తోలుకుంటున్నాడు.

"ఆ గోడ తీయించెయ్ అన్నయ్యా, మన వీధులు కలిసిపోతాయి. నాకు ఊపిరి సలపట్లేదు. నేను కుట్టివ్వలేనివాళ్ళని నీ దగ్గరికి పంపిస్తా," అన్నాడు తమ్ముడు, మనస్ఫూర్తిగానే.

తమ్ముడు వెక్కిరించినా దర్జీ ఓర్చుకునేవాడు. ఒకప్పటి తన గిరాకీనే తనకు మిగులుగా పంపిస్తాడట!

దర్జీ మూటను రెండో చంకకు మార్చుకున్నాడు. ఆ చుట్టుదారినే నడిచిపోయాడు.