వెనక వరసలో తగిలించిన సంచి

మా ఆసుపత్రిలో నన్ను అందరూ క్రిస్టియన్ అనుకుంటారు. కోస్తా నుంచి వచ్చిన నర్సు, బొట్టు లేదు, ఇంకేమనుకుంటారు పాపం. నేను దిద్దను. మాది గుంటూరు వైపు సముద్రానికి దగ్గర పల్లె, మేం యూదులం, తెలుగులో మొక్కుకునే యూదులం అని మొదలుపెడితే చేతిలో టీ చల్లారిపోతుంది గాని ఎదుటివాళ్ల అనుమానం తీరదు. ఈ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డు మీద ముస్లిం కాదని ఉంటుంది. ఇక్కడికి ఆ మాట చాలు.

ధహ్రాన్‌ను ఆనుకుని ఉంది మా కాంపౌండ్, ప్రహరీ లోపల గల్ఫ్‌కి వచ్చిన ఉద్యోగుల ఇళ్లు. మా పిన్ని కూతురు కూడా నర్సే, నాకు రెండిళ్ల అవతల ఉంటుంది. ఆమెకు ఇద్దరు పిల్లలు. పదిహేనేళ్ల అమ్మాయి, పదమూడు నిండిన అబ్బాయి. శుక్రవారం వాళ్లమ్మకు డ్యూటీ పడితే ఇద్దరూ నా దగ్గరికి వచ్చేస్తారు. సాయంత్రం విశ్రాంతి దినం మొదలయ్యేలోపు వంట కావాలి, దీపాలు సిద్ధం కావాలి, ఆ సందులోనే వాళ్లకి నాలుగు ధర్మం మాటలు చెప్పాలి. ఊళ్లో అయితే ఈ పనికి పెద్దలున్నారు. ఇక్కడ పెద్దను నేనే, నా ఖర్మ. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. పిల్లలకి ఆ సంగతి తెలుసు కాబట్టి సరిపోయింది.

ఇవ్వడం గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు జాలి అనే మాట ఎత్తొద్దన్నాను. అవతలివాడికి చెందాల్సిందే మన చేతిలో ఉంటుంది, దాన్ని చేరవేయడం న్యాయం, అంతే. మనలో ప్రతివాళ్లూ మిగతావాళ్లకి పూచీ.

"మనలో అంటే ఎవరు పెద్దమ్మా? ఇక్కడ మనం నలుగురమేగా" అంది అమ్మాయి.

"ముందు ఆ బియ్యం కడుగు" అన్నాను. 

తర్వాత గది సంగతి చెప్పాను. రెండువేల ఏళ్ల కిందట మా యూదుల పెద్ద గుడిలో ఒక గది ఉండేదట. ఇచ్చేవాళ్లు లోపలికెళ్లి పెట్టి వచ్చేవాళ్లు, లేనివాళ్లు లోపలికెళ్లి తీసుకుని వచ్చేవాళ్లు. లోపలికి వెళ్లే మనిషి పెట్టడానికి వెళ్తున్నాడో తీసుకోడానికి వెళ్తున్నాడో బయటివాళ్లకి తెలిసేది కాదు. ఎవరి మొహం ఎవరూ చూడక్కర్లేదు, ఎవరూ తలదించుకోనక్కర్లేదు.

"అయితే దొంగ కూడా వెళ్లి తీసుకోవచ్చుగా" అన్నాడు అబ్బాయి.

"తీసుకోవచ్చు. వాడికి ఆకలి లేదని నీతో ఎవరన్నారు?"

అలా మొదలైంది మా శుక్రవారం సంచి. కాంపౌండ్‌లో వెనక వరస విల్లాలు ఖాళీ. కరెంటు, నీళ్లు తీసేశారు, ఎప్పుడో పడగొడతారట. చివరి విల్లా వరండాకి మంచి నీడ ఉంటుంది. తోటపని వాళ్లు, ఊడ్చేవాళ్లు అక్కడ నడుం వాలుస్తారని నా ఊహ. పులిహోర, వేయించిన చేప, గుడ్డుసొన రాసి కాల్చిన రొట్టె డబ్బాల్లో సర్ది, ఆ విల్లా తలుపు పిడికి సంచి తగిలించి రావాలి. వెనక్కి తిరిగి చూడకూడదు. ఎవరు తిన్నారో ఆరా తీయకూడదు. ఆదివారం బడి నుంచి వచ్చాక డబ్బాలు తెచ్చుకోవాలి. ఈ నియమాలు నేనే పెట్టాను.

జుమ్మా నమాజు వేళ కాంపౌండ్‌లో పిట్ట కదలదు. మిట్టమధ్యాహ్నం ఒంటరిగా తిరిగితే గాలి సోకుతుందని మా అమ్మమ్మ భయపెట్టేది. ఇక్కడ అసలు గాలే ఉండదు. ఉక్కకి కళ్లద్దాలు మసకబడి, పక్కన నడిచే పిల్లలు కూడా సరిగ్గా కనపడేవాళ్లు కాదు. తెల్లటి గోడలు, మూసిన కిటికీలు, మా చెప్పుల చప్పుడు. ఆ చప్పుడు ఒక్కోసారి మా ముగ్గురిది కన్నా ఎక్కువ వినిపించేది. గోడలకి తగిలి వస్తోందని పిల్లలకి చెప్పాను. నాకు నేను కూడా చెప్పుకున్నాను.

మొదటి ఆదివారం డబ్బాలు కడిగి ఉన్నాయి. తుడిచి, ఏ మూత ఆ డబ్బాకి పెట్టి, పెద్దదాని మీద చిన్నది పేర్చి ఉన్నాయి. పిల్లలు మురిసిపోయారు. నేను మాత్రం ఆ వరస వెంట నడిచి కుళాయిలన్నీ తిప్పి చూశాను. ఒక్కదాంట్లోనూ చుక్క రాలేదు.

తర్వాత ఒక వారం దుమ్ము తుఫాను వచ్చింది. మర్నాడు కాంపౌండ్ అంతా పసుప్పచ్చగా ఉంది. చెట్లు, కార్లు, మెట్లు, అన్నిటి మీదా వేలెడు దుమ్ము. చివరి విల్లా వరండా ఒక్కటే అద్దంలా ఉంది. ఊడ్చిన మనిషి వచ్చిన అడుగులు లేవు, పోయిన అడుగులు లేవు. చుట్టూ దుమ్ము పరిచినట్టు పరిచే ఉంది.

గేటు దగ్గర కాపలా ఉండే బంగ్లాదేశీ ముసలాయన్ని అడిగాను. "ఉధర్ కోయీ నహీ రెహతా, సిస్టర్" అన్నాడు, అక్కడ ఎవరూ ఉండరని. అని నా వైపు కాకుండా నేల వైపు చూశాడు. ఆ పక్కకి పిల్లల్ని పంపొద్దని కూడా చెప్పాడు. జిన్నుల పేరెత్తలేదు గాని, ఎత్తినట్టే ఏదో ప్రార్థన గొణిగి తన ఛాతీ మీద ఊదుకున్నాడు.

ఇక అక్కడి నుంచి వరసగా మొదలయ్యాయి. మా అబ్బాయి వరండా మెట్ల దగ్గర చెప్పులు విడిచి సంచి తగిలించి వచ్చేసరికి, ఆ చెప్పులు తొడుక్కోడానికి వీలుగా ఇటు తిరిగి ఉన్నాయి. మేము నియమం ప్రకారం అటు వీపు తిప్పి నిలబడి ఉన్నాం, మాలో ఎవరం ముట్టుకోలేదు. అమ్మాయి ఎక్కడో పారేసుకున్న తల క్లిప్పు వాళ్లింటి గేటుకి గుచ్చి ఉంది. చివరికి ఒక ఉదయం ఆమె సైకిల్ తీస్తే, వారాల తరబడి పని చేయని బ్రేకు పని చేసింది. కొత్త తీగ వేసి ఉంది. సైకిల్ వాళ్ల గేటు లోపల, మెట్ల కింద పెట్టుకునేది. అంటే ఎవరో గుమ్మం దాకా వచ్చారు.

ఆ పిల్ల మళ్లీ సైకిల్ ఎక్కలేదు. ఆ శుక్రవారం ఉల్లిపాయలు తరుగుతూ, కళ్లు తుడుచుకోకుండా అడిగింది.

"పెద్దమ్మా, ఎవరిచ్చారో తెలియకుండా తీసుకోడం ఇంత భయంగా ఉండిద్దా? మనం పెట్టేది తినేవాళ్లకి కూడా ఇట్టాగే ఉండిద్దా?"

చేతిలో గిన్నె కింద పెట్టేశాను. ఇన్నేళ్లుగా ఆ గది కథను ఇచ్చేవాళ్ల వైపు నుంచే చెప్పుకుంటూ వచ్చాం. చీకట్లో చెయ్యి చాచి తీసుకునేవాడి గుండె ఎలా కొట్టుకుంటుందో మా పెద్దలెవరూ చెప్పలేదు, నేనూ ఆలోచించలేదు.

వాళ్లమ్మ సెక్యూరిటీకి చెబుదామంది. ఆమె తల్లి, ఆమె భయం న్యాయమే. కాని నాకు అప్పటికి ఒక సంగతి అర్థమైంది. నీళ్లు లేని ఇంట్లో, ఎండాకాలంలో, ఎవరికీ కనపడకుండా ఉండాల్సిన అవసరం దయ్యానికి ఉండదు, మనిషికే ఉంటుంది. సెక్యూరిటీ వస్తే ఆ మనిషి పట్టుబడతాడు. పట్టుబడితే, ఇన్నాళ్లూ అన్నం పెట్టింది ఎవరని అడుగుతారు. కఫీల్, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, దగ్గర్నుంచి పారిపోయినవాళ్లకి సాయం చేయడం ఇక్కడ నేరం. నా ఉద్యోగం, ఆమె ఉద్యోగం, పిల్లల చదువు అన్నీ ఆ తలుపు పిడికే వేలాడుతున్నాయి. ఒక్క వారం ఆగుదామన్నాను. ఆగి ఏం చేస్తానో నాకే తెలియదు.

ఆ ఆదివారం సంచి పెట్టింది పెట్టినట్టే ఉంది. చీమలు పట్టి, రొట్టె బూజెక్కి, చేప వాసన వరండా అంతా కొడుతోంది. వరండా మీద సన్నగా దుమ్ము చేరింది. 

"లోపలికెళ్లి చూద్దాం" అన్నాడు అబ్బాయి.

"చూడకూడదని కదా నియమం" అన్నాను. నా నోటికి అలవాటైన మాట అది.

అమ్మాయి నా మొహంలోకి చూసింది. "ఆ మనిషికి సిగ్గు కాకూడదని కదా చూడొద్దంది. చచ్చిపోయినా చూడొద్దని కాదుగా."

తలుపు నెట్టింది. గడియ లేదు. లోపల చీకటి, పొయ్యి మీది ఆవిరి లాంటి వేడి. హాలంతా శుభ్రంగా ఉంది, వెనక తలుపు ఓరగా తెరిచి ఉంది. కిటికీ కింద మడిచిన బట్టలు, మా ఇళ్ల ఏసీ గొట్టాల నీళ్లు పట్టుకున్నట్టున్న రెండు బకెట్లు, రెండూ ఖాళీ. మూల చాప మీద ఒక మనిషి వెల్లకిలా పడి ఉన్నాడు. మొహం మీద తువ్వాల కప్పి ఉంది. శవానికి కప్పినట్టే ఉంది. అబ్బాయి నా చెయ్యి పట్టుకున్నాడు. తువ్వాల నోటి దగ్గర కొంచెం లోపలికి పోయి, మళ్లీ లేచింది.

ఇక నాకు భయం పోయింది. నేను నర్సుని, ఊపిరి ఉన్న మనిషి దగ్గర నాకు పని ఉంటుంది. ఒళ్లు కాలిపోతోంది, చెమట లేదు, నాడి పరుగెడుతోంది. అబ్బాయిని నీళ్లకి, ఐసుకి పరిగెత్తించాను. అమ్మాయిని అంబులెన్సుకి ఫోన్ చేయమన్నాను. తువ్వాల తీయబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దక్కా, బిడ్డలు జూస్తరు."

తీశాను. కళ్లు, పెదాలు చూడకుండా ఏం వైద్యం చేస్తాను. నెరిసిన గడ్డం, నడివయసు మనిషి. ఎవరో కొత్త మనిషి అనుకున్నాం, నేనూ, ఆ పిల్లా. తడిగుడ్డ చుట్టి, చెంచాతో నీళ్లు పోస్తుంటే నెమ్మదిగా కళ్లు తెరిచి అమ్మాయిని చూశాడు.

"బిరేకు మంచిగ పడుతుందా బిడ్డా? పోయినేడు ఏసింది అరిగిపోయింది."

"పోయినేడు ఎవరేశారు?"

"నేనే."

కూడదీసుకుంటూ చెప్పాడు. ఈ కాంపౌండ్‌లో రిపేర్లు చేసింది ఆయనే, ఐదేండ్లు. మా వంటింటి ట్యూబులైటు, వాళ్ల అబ్బాయి గది అలమర తలుపు, అన్నీ ఆయన చేతివే. కంపెనీ కాంట్రాక్టు పోయింది. ఇకామా గడువు అయిపోయింది. ఇంటికి పోయే కాగితాలు అక్కడ ఇస్తారని, దేశానికి ఆ కొసన ఉన్న జిజాన్ బస్సెక్కమన్నారు అందర్నీ. "దారిల చెక్‌పోస్టుల దొరికితె జైలే అక్కా. ఈడనే ఆగిన. దోస్తులు తిండి తెచ్చేటోళ్లు, ఆళ్లు గూడ పోయిండ్రు. మీది ఉత్తగ తినుడు మనసున పట్టలె. అందుకె చిన్న చిన్న పనులు జేసిన."

నేను ఆయన మొహాన్ని మళ్లీ చూశాను. గుర్తు పట్టాలని ప్రయత్నించాను. ఐదేళ్లు మా ఇంట్లోకి వచ్చి, నిచ్చెనెక్కి దిగి, చేతులు కడుక్కుని వెళ్లిన మనిషి. తువ్వాల తీశాక కూడా మాకు తెలియలేదు. చూడకూడదన్న నియమాన్ని నేను పిల్లలకి కొత్తగా ఏమీ నేర్పలేదు. అది మాకు ముందే బాగా వచ్చు. 

"మీ పేరేంటండీ?" అని అడిగింది అమ్మాయి.

ఆయన పేరు చెప్పాడు, ఊరు కూడా చెప్పాడు. కాసేపటికి తెలివి తప్పింది.

అంబులెన్సు వాళ్లు వచ్చి స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తూ, ఈ మనిషి మీలో ఎవరికి తెలుసని అరబ్బీలో అడిగారు. నాకు అరబ్బీ బాగా వచ్చు, ఆసుపత్రిలో రోజంతా మాట్లాడేది అదే. అయినా ఆయన మీద తడిగుడ్డ సర్దుతూ ఉండిపోయాను. తెలుసంటే ఏమవుతుందో నాకు తెలుసు. తెలియదంటే ఆయన పేరు లేని రోగిగా ఏ వార్డులోనో కలిసిపోతాడని కూడా నాకు తెలుసు.

"నాకు తెలుసు" అంది అమ్మాయి, బడి అరబ్బీలో. ఆయన పేరు చెప్పింది, ఊరు చెప్పింది, ఇండియన్ అని చెప్పింది. వాళ్లు రాసుకున్నారు. అప్పుడు నేను కూడా నోరు తెరిచి, నాకూ తెలుసన్నాను.

మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఎందుకు అడగలేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన బతికాడు. పేరు ఉంది కాబట్టి ఎంబసీ తరఫున తిరిగే మన తెలుగువాళ్లు వార్డులో వెతికి పట్టుకున్నారు. ఎగ్జిట్ కాగితాలు వచ్చాయి, ఇంటికి వెళ్లిపోయాడు. వెళ్లేముందు నేను కలిశాను. పిల్లలకి చదువు బాగా రావాలన్నాడు.

తర్వాతి శుక్రవారం మేం సంచి కట్టలేదు. మా వంటింట్లో కుళాయి కారుతుంటే కంప్లయింట్ ఇచ్చాను. కొత్త కంపెనీ మనిషిని పంపారు. ఇరవై అయిదేళ్లు ఉంటాయి, కరీంనగర్ వైపు మాట. వచ్చినవాడు వచ్చినట్టు సింకు కింద దూరాడు. అబ్బాయి వెళ్లి పక్కన కూర్చుని, ముందు తన పేరు చెప్పి, "మీ పేరేంటన్నా?" అన్నాడు.

చేతిలో రెంచీ ఆగిపోయింది. అతను మెల్లగా బయటికొచ్చి, నన్ను చూశాడు, పిల్లాణ్ని చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైంది మేడం? నేనేమన్న తప్పు జేసిన్నా, కంపెనీకి పేరు రాసిస్తరా?"

లేదు బాబూ, ఊరికే అడిగాడన్నాను. అమ్మాయి మంచినీళ్లు తెచ్చింది. తాగలేదు. కారే కుళాయి బిగించాడు, కారని కుళాయి కూడా బిగించాడు, నేలంతా తన గుడ్డతోనే తుడిచాడు. పేరు మాత్రం చెప్పకుండా వెళ్లిపోయాడు.