వసారాలోకి వచ్చిన చెరకు మందు

పురుగులంటే నాకు పుట్టుకతోనే భయం. బొద్దింక కనబడితే మంచమెక్కి కూర్చునేదాన్ని. అటువంటిదానికి మొక్కల పిచ్చి ఏమిటని మా ఇంటాయన నవ్వేవారు. బోధన్‌లో మేం అద్దెకున్న ఇంటికి పెరడు లేదు. అందుకని వసారాలోనే పాత నూనె డబ్బాల్లో ఒక క్రోటను, ఒక మనీప్లాంటు పెట్టుకున్నాను. వాటి పక్కనే కిటికీ ఊచలకు తమలపాకు తీగ పాకి ఉండేది.

ఆ తీగ మా అత్తది. ఆమె కొన్నాళ్ళు కోటగిరిలో పెద్దకొడుకు దగ్గర, కొన్నాళ్ళు మా దగ్గర ఉండేది. వచ్చిందంటే చాలు, తీగ నుంచి ఆకు తుంచి, కొంగుకు తుడిచి, సున్నం రాసి, వక్క పెట్టి నోట్లో వేసుకుని, ఆపైన పొగాకు కాడ నమలవలసిందే. అప్పుడప్పుడే నడక నేర్చిన మా పాప ఆమె ఒళ్ళో చేరి, పిట్టపిల్లలాగా నోరు తెరిచేది. పొగాకు వేసుకోకముందే, నమిలిన ఆకులోంచి చిటికెడు తీసి దాని నాలుక మీద పెట్టేది అత్త. చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది. కానీ అత్తకు చెప్పే ధైర్యం నాకెక్కడిది?

ఆ ఏడు ఊళ్ళోని చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఆడటం మొదలైన కొన్నాళ్ళకు వసారా బండలు జిగటజిగటగా తయారయ్యాయి. మా ఇంటాయనకు ఫ్యాక్టరీలో పని. చెప్పులకు చక్కెర మడ్డి అంటించుకుని వస్తున్నారని రోజూ సాధించాను. ఆయన చెప్పులు గేటు బయటే విడిచినా జిగట పోలేదు. చీమలు బారులు తీరాయి. బోధన్‌లో చీమను చూసి ఎవరు ఆశ్చర్యపోతారు? సీజనులో అవి మంచినీళ్ళ కుండ మీద కూడా తిరిగేవి. అందుకే అవి డబ్బాలోంచి క్రోటను కాండం మీదికి పోతున్నా పట్టించుకోలేదు.

ఒకరోజు దుమ్ము తుడుద్దామని క్రోటను ఆకు పట్టుకుంటే వేళ్ళు అతుక్కున్నాయి. ఆకు తిప్పి చూశాను. ఈనెల పక్కన, కొమ్మల సందుల్లో తెల్లగా దూదిలాంటివి. గోటితో గీకితే దూదిలో కాళ్ళు కదిలాయి. కెవ్వుమన్నాను. బండల మీద జిగట మడ్డి కాదు, ఆ పురుగులు కార్చిన తేనె. చీమలు వచ్చిందీ దాని కోసమే.

మా ఇంటాయన వచ్చి, వంగి చూసి, "గీ తెల్లపురుగు చెరకుల సుత ఉంటది. గణుపుల కాడ ఆకు ఇప్పితే గిట్లనే ఉంటది. మా అన్న కాడ మందున్నది, తెస్త" అన్నారు.

పక్కింటామె సబ్బునీళ్ళలో గుడ్డ ముంచి తుడిస్తే చాలని చెప్పింది. ఆయన వింటేనా? చెరకు రైతు బిడ్డకు ఏ పురుగు చూసినా చెరకు పురుగే. వారం తిరక్కుండా కోటగిరి నుంచి ఒక సీసా తెచ్చి, దోమల పంపులో పోసి, పొద్దున్నే పిచుక మీద బ్రహ్మాస్త్రంలాగా క్రోటనుకు కొట్టారు. ఆ ఘాటుకు నాకు గొంతు పట్టేసింది. "రేపటిదాంక ఎవ్వరు ముట్టద్దు" అని చెప్పి డ్యూటీకి పోయారు.

పాపను లోపల పడుకోబెట్టి, తలుపు దగ్గరికి వేసి, వీధి కుళాయికి నీళ్ళకు పోయాను. తిరిగి వచ్చేసరికి గడప మీద అత్త! చెప్పకుండా కోటగిరి బస్సుకు వచ్చేసింది. ఒళ్ళో పాప. ఇద్దరి నోళ్ళూ ఎర్రగా ఉన్నాయి.

బిందె చేజారింది.

"అత్తమ్మా, ఊసెయ్యి! ఊసెయ్యి!"

"ఏందే? పామా?" అని ఆమె కాళ్ళు పైకి లాక్కుంది.

"ఆకు యాడిది?"

"యాడిదంటవేందే? మన తీగదే."

"పోరికి పెట్టినవా?"

"జరంత పెట్టిన."

పాప నోట్లో వేలు పెట్టి అందినదంతా గీకాను. అది గుక్కపట్టి ఏడ్చింది. మందు సంగతి చెప్పగానే అత్త మొహం పాలిపోయింది. రిక్షాలో ఆస్పత్రికి పోతున్నంతసేపూ పాప కళ్ళలోకే చూస్తూ కూర్చున్నాను. అది రెప్ప వాలిస్తే నా ప్రాణం పోయేది.

డాక్టరుగారు ఏ మందని అడిగారు. నాకు తెలియదు. మా ఇంటాయన కోసం ఫ్యాక్టరీకి మనిషిని పంపించారు. చొల్లు కారుతోందా, చెమటలు పడుతున్నాయా, తల తిరుగుతోందా అని అడిగారు. ఏం చెప్పను? పొగాకు వేసుకున్నప్పుడల్లా అత్తకు ఆ మూడూ ఉండేవే. పళ్ళొచ్చే పిల్లకు చొల్లు కారకుండా ఉంటుందా? ఏది ఆకు గుణమో ఏది మందు గుణమో తెలియక నాకు పిచ్చెక్కింది. అనుమానం పెనుభూతమంటారు, నాకు ఇద్దరి పక్కనా అదే కూర్చుని కనబడింది.

అత్త మాత్రం మంచం మీద నుంచి చేతులు జోడించింది. "నన్ను ఇడిసిపెట్టుండ్రి సారూ, పోరిని సూడుండ్రి. నా చేతులార పెట్టిన."

మా ఇంటాయన ఇంటికి పోయి సీసాతో పరుగున వచ్చారు. దాని మీది చీటీ చదివి డాక్టరుగారు నర్సును కేకేశారు. ఆ కేక నన్ను ఇంకా భయపెట్టింది. అత్త కడుపు కడిగారు. పాపను కళ్ళ ముందే ఉంచుకున్నారు. మర్నాడు పొద్దున ఇద్దరికీ గండం గడిచింది, తీసుకుపొమ్మన్నారు. ఆకు మీద మందు పడిందో లేదో తాను చెప్పలేనన్నారు.

ఇంటికి వచ్చి వసారా ఎక్కగానే మా ఇంటాయనకు ప్రాణం లేచొచ్చినట్టుంది.

"నేను తీగకు కొట్టనే లేదు. క్రోటనుకే కొట్టిన. ఉత్తగనే బెదిరిండ్రు" అన్నారు.

అంతవరకు ఆయన ముందు గొంతు పెంచి ఎరగను. రాత్రంతా అణచుకున్న భయం అప్పుడు కోపమైంది.

"గట్లయితే ఒక ఆకు తెంపి నమిలి సూపియ్యి" అన్నాను.

అత్త నా వైపు చూసింది గానీ వద్దనలేదు. ఆయన చరచరా తీగ దగ్గరికి పోయి, ఒక ఆకు తెంపి, చొక్కాకు తుడిచి నోటిదాకా తెచ్చారు. అక్కడ చెయ్యి ఆగిపోయింది. నా భుజం మీద నిద్రపోతున్న పాపను చూశారు, వాళ్ళమ్మను చూశారు.

"పడెయ్ కొడుకా" అంది అత్త మెల్లగా.

ఆ ఆకు మీద మందు పడిందో లేదో ఆయనకూ తెలియదని నాకప్పుడు అర్థమైంది.