జేబుల్లో మేకులు

సోఫాలకు కొత్త గుడ్డ తొడగడంలో ఆ వీధి మొత్తంలో తాతను మించినవాడు లేడు. ఉన్న దుకాణం అదొక్కటే అనుకోండి, అది వేరే సంగతి. పిడికెడు చిన్న మేకులు నోట్లో పోసుకుంటాడు. నాలుకతో ఒక్కోదాన్నీ తిప్పి పెదాల మధ్యకు తెస్తాడు. తీస్తాడు, ఠక్కున కొడతాడు. నలభై ఏళ్లుగా అంతే. నోట్లో మేకులున్నంతసేపూ మాట్లాడలేడు కాబట్టి ఆ పనంటే నాయనమ్మకూ ఇష్టమే.

పేగులో క్యాన్సర్ బయటపడి మందు ఎక్కించడం మొదలయ్యాక, రెండో విడతకల్లా నోరంతా పూసింది. అన్నం, పాలు, అరటిపండు, ఏది పెట్టుకున్నా ఇనుము రుచే. నలభై ఏళ్లు నాలుక మీద నానిన మేకులు ఇప్పుడు పగ తీర్చుకుంటున్నాయని తాత తేల్చేసుకున్నాడు. ఈ మాట ఆసుపత్రిలో తెలిస్తే పనే మానెయ్యమంటారు. అందుకని నోరు మూసుకున్నాడు, మాటకీ మెతుక్కీ కూడా.

"రెండు ముద్దలైనా తినవయ్యా."

"ఆకలి లేదే."

"నిన్నా లేదు, మొన్నా లేదు. గాలి మేస్తున్నావా?"

ప్యాంటు జారిపోతోంది. బరువు ఇంకా తగ్గితే మూడో విడత వాయిదా వేస్తానని డాక్టరు ముందే చెప్పాడు. మందు ఆగితే లోపలున్నది ఊరుకోదని తాతకు గుబులు. ఆ బుర్రకు తోచింది ఒక్కటే దారి.

మూడో విడత రోజు తాత బరువు చూసే మిషన్ ఎక్కాడు. నర్సమ్మ అంకె చూసి కళ్లు చిట్లించింది.

"ముఖం పీక్కుపోయింది, బరువేమో పెరిగిందే! ఏం తింటున్నారు పెద్దాయనా?"

"అన్నీ" అన్నాడు తాత దర్జాగా. దిగుదామని కాలు ఎత్తాడో లేదో, జేబు పిగిలింది. మిషన్ మీద, నేల మీద, నర్సమ్మ చెప్పుల మీద జలజలా మేకులు! నాయనమ్మ నెత్తి కొట్టుకుంది. నర్సమ్మకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది.

"మీ బరువును బట్టే మందు కొలుస్తాం. మేకులక్కూడా ఎక్కించమంటారా?"

తాత మేకుల పగతో సహా అంతా కక్కేశాడు.

"ఆ రుచి మందు వల్ల వచ్చిందండీ, మేకుల వల్ల కాదు. చాలామందికి అంతే. మొదటి రోజే చెప్పొద్దూ?"

డాక్టరు తాత నోట్లో టార్చి వేసి చూసి, పుళ్లకు మందు రాసి, విడతను వారం వాయిదా వేశాడు. తాత ముఖం వాడిపోయింది. నర్సమ్మ మాత్రం వదల్లేదు.

"స్టీలు చెంచా పక్కన పెట్టి చెక్కది వాడండి. ఏదైనా చల్లారాకే తినండి. పులుపు, కారం వద్దు. గ్లాసు నీళ్లలో కాస్త ఉప్పు, కాస్త వంటసోడా కలిపి రోజూ నాలుగైదుసార్లు పుక్కిలించి ఉమ్మెయ్యండి. మెత్తటి బ్రష్ వాడండి. నోట్లో మళ్లీ మేకు కనిపించిందో, చూడండి మరి!"

"పని మానెయ్యాలా అమ్మా?"

"ఓపికున్నంత చేసుకోండి. నోటితో కాదు, చేతులతో."

ఇంటికి రాగానే తాత చెక్క చెంచా చెక్కాడు. అది పడవ తెడ్డంత వచ్చింది. నాయనమ్మ పాత రేడియోలోని అయస్కాంతాన్ని పట్టీలో కుట్టి ఆయన మణికట్టుకు కట్టింది. మేకులు దానికి అతుక్కున్నాయి. నోరు ఖాళీ అయ్యేసరికి తాత కబుర్లకు అడ్డు లేకుండా పోయింది.

"మేకులే నయం" అంది నాయనమ్మ, చల్లటి పాలల్లో అరటిపండు మెదుపుతూ.

తాత తెడ్డుతో ఒక్క గుటక వేశాడు. "రుచి లేదు గానీ, ఇనుమూ లేదే!" అని గిన్నె ఖాళీ చేశాడు.

వారం తర్వాత నర్సమ్మ తాత జేబులు తిరగేయించి, మణికట్టు పట్టీ కూడా విప్పించి మిషన్ ఎక్కించింది. అరకిలో పెరిగాడు. అసలైన అరకిలో.

"పదండి, మందు ఎక్కిస్తాం" అంది.

తాత చంకలోంచి తెడ్డు తీసి చూపించాడు. "దీన్నీ తూకం వేసుకోమ్మా, మళ్లీ దొంగ లెక్క అంటావు."